పది జతల పాసులు, వెయ్యిమంది పాఠకులు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ స్థానిక పత్రికకు ఒక సంగీత కచేరీ నిర్వాహకులు పది జతల పాసులు, గాయని సంతకం చేసిన ఎల్‌పీ (గ్రామఫోన్) రికార్డు ఒకటి ఇస్తామన్నారు. వాటిని పాఠకులకు బహుమతులుగా పంచాలి. ‘లైక్ కొట్టి, షేర్ చేసి, ఇద్దరు ఫ్రెండ్స్‌ని ట్యాగ్ చేయండి’ అని పెడితే సరిపోతుందా అని అడిగారు. ఆ కిందే ఇంకో మాట రాశారు. పోయినసారి సినిమా ప్రివ్యూ టికెట్లు ఇచ్చినప్పుడు ‘అన్నీ మీవాళ్లకే ఇచ్చుకున్నారు’ అని కామెంట్లు వచ్చాయని, నిజానికి అలా జరగలేదని. నాకు అదే అసలు ప్రశ్న అనిపించింది.

నేను ఒక పత్రికలో సినిమా, సంగీతం పేజీ చూస్తూ పద్దెనిమిదేళ్లు ఇలాంటి పోటీలు నడిపాను. మధ్యలో రెండేళ్లు రేడియోలోనూ ఇదే పని. మీకు వచ్చిన కామెంటు నాకూ వచ్చింది, కాకపోతే పోస్టుకార్డు మీద. వెయ్యిమంది పాల్గొంటే పదిమందికి పాసులొస్తాయి, 990 మందికి ఏమీ రాదు. వచ్చినవాళ్లు ఎలాగూ మిమ్మల్ని మెచ్చుకుంటారు. రాని ఆ 990 మందిలో ఎవరైనా ‘నాకెందుకు రాలేదు’ అని వెనక్కి తిరిగి చూస్తే, జరిగిందంతా కళ్లముందు కనిపించాలి. నియమాలు రాసేటప్పుడు వాళ్లనే ఎదురుగా కూర్చోబెట్టుకోండి.

అయితే నియమాలకంటే ముందు నిర్వాహకులతో ఒక పని ఉంది. ‘పాసులు ఇస్తాం’ అన్న మాటకు అర్థం ఏమిటో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. సీటు నంబరు ఉన్న పాసా, ముందొచ్చినవాళ్లు ముందు కూర్చునేదా? ఎన్ని గంటల్లోపు గేటు దాటాలి? వయసు పరిమితి ఉందా? ఐడీ చూపించాలా? గెలిచినవాళ్లు రాలేకపోతే వేరేవాళ్ల పేరు మీదకి మార్చొచ్చా? కచేరీ వాయిదా పడితే ఇదే పాసు చెల్లుతుందా? కాగితం పాసు ఇస్తారా, గేటు దగ్గర గెస్ట్ లిస్టులో పేరు రాస్తారా? చివరిది చాలా ముఖ్యం.

ఎందుకో చెప్తాను. ఒకసారి నిర్వాహకులు ‘పాసులెందుకండీ, పేర్లు పంపండి చాలు, గేటు దగ్గర లిస్టులో ఉంటాయి’ అన్నారు. పంపాం. కచేరీ రోజు సాయంత్రం ఆరున్నరకు ఇంట్లో ఉండగా ఫోను. గెలిచినావిడ వాళ్లమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లారు. గేటు దగ్గర కుర్రాడు కాగితం మూడుసార్లు పైనుంచి కిందికి చూసి ‘మీ పేరు లేదమ్మా, పక్కకి జరగండి’ అన్నాడట. వెనక క్యూలో వందమంది. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు, సిగ్గు ఉంది. తర్వాత తెలిసింది, లిస్టు మధ్యాహ్నం ఎవరో కొత్తగా టైపు చేస్తూ మేం పంపిన రెండో పేజీ వదిలేశారు. నేను ఆటో పట్టుకుని వెళ్లి, కౌంటర్లో నా డబ్బుతో రెండు టికెట్లు కొని ఇచ్చాను. లోపల మొదటి పాట అయిపోయింది అప్పటికే. ఆ రోజు నుంచి పాసులు నా టేబుల్ మీదికి వచ్చాకే పోటీ ప్రకటన ప్రెస్‌కి వెళ్లేది. మీకు గెస్ట్ లిస్టు తప్పనిసరి అయితే, కనీసం కచేరీ రోజు ఆ లిస్టు ఫోటో తెప్పించుకుని పేర్లన్నీ సరిచూసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకే గేటు దగ్గర ఆపేస్తారు.

ఇక లైక్, షేర్ సంగతి. ‘మీ టైమ్‌లైన్ మీద షేర్ చేస్తేనే ఎంట్రీ’ అని పెట్టడం ఫేస్‌బుక్ పేజీల నియమాలకే విరుద్ధం. ఈ పోటీకీ ఫేస్‌బుక్‌కీ సంబంధం లేదని మీరు స్పష్టంగా రాయాలని కూడా ఆ నియమాల్లో ఉంది. చాలామంది పట్టించుకోరు, వాళ్లకేం కావట్లేదు కదా అనొచ్చు. నాకు నియమం కంటే వేరే బాధ ఉంది. ఆ పద్ధతిలో మీ దగ్గర ఎంట్రీల జాబితా అంటూ ఉండదు. ఎవరు షేర్ చేశారో ప్రైవసీ సెట్టింగుల వల్ల సగం కనపడదు. ఒకే మనిషి ఆరు అకౌంట్లతో వస్తాడు. బహుమతుల కోసమే రోజంతా తిరిగే అకౌంట్లు వందలకొద్దీ ఉంటాయి. వాళ్లు మీ పత్రిక ఎప్పుడూ చదవరు, కచేరీకి రారు కూడా. రేపు ఎవరైనా ‘డ్రా ఎలా తీశారు’ అని అడిగితే చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. పోస్టు ప్రచారానికి పెట్టండి, ఎంట్రీ మాత్రం ఒక చిన్న ఫారం ద్వారా తీసుకోండి. పేరు, ఫోన్ నంబరు, ఉండే ప్రాంతం, ప్రశ్నకు జవాబు. అంతకుమించి ఒక్క గడి కూడా వద్దు. ఒక ఫోన్ నంబరుకు ఒక ఎంట్రీ.

సోషల్ మీడియాతో ఇంకో తలనొప్పి కూడా ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మీరు పోటీ పెట్టిన గంటలోపు మీ పేజీ పేరుతో, మీ లోగోతోనే ఇంకో నకిలీ పేజీ పుట్టుకొస్తుంది. కామెంటు పెట్టినవాళ్లందరికీ ‘అభినందనలు, మీరు గెలిచారు, కొరియర్ చార్జీ కట్టండి’ అని మెసేజ్ వెళ్తుంది. కొందరు కట్టేస్తారు. తర్వాత తిట్లు మీకు. అందుకే ప్రకటనలోనే, మొదటి నాలుగు లైన్లలో, ఇలా రాయండి: ‘గెలిచినవారికి మా ఆఫీసు నంబరు నుంచి ఫోన్ వస్తుంది. మేం డబ్బు అడగం, ఓటీపీ అడగం, బ్యాంకు వివరాలు అడగం, లింకు పంపం.’ ఆ ఆఫీసు నంబరు పత్రికలో అచ్చువేయండి.

ప్రశ్న ఎలా ఉండాలి? దీనికి ముందు కాస్త చట్టం మాట్లాడాలి, విసుక్కోకండి. చాలా దేశాల్లో లాటరీ అనడానికి మూడు దినుసులు చూస్తారు: బహుమతి, అదృష్టం, పాల్గొనడానికి ఇచ్చే మూల్యం. మూడూ కలిస్తే లాటరీ. మీరు డ్రా తీస్తున్నారు కాబట్టి మొదటి రెండూ ఉన్నాయి. మూడోది రానివ్వకండి. అంటే ఎంట్రీకి డబ్బు, చార్జీ పడే ఎస్ఎంఎస్, చందా కడితేనే ఫారం వంటివి వద్దు. దీని మీద పెద్ద గొడవే జరిగింది, అదీ ఒక పాటల పోటీ మీద. 1948లో అమెరికాలో ఏబీసీ రేడియో ‘స్టాప్ ది మ్యూజిక్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పాట నడుస్తుండగా ఎవరో ఒక శ్రోత ఇంటికి ఫోన్ చేస్తారు, ఆ పాటేంటో చెప్తే బహుమతి. దేశమంతా ఫోను పక్కనే కూర్చుంది. అదే సమయానికి వేరే స్టేషన్లో వచ్చే హాస్యనటుడు ఫ్రెడ్ అలెన్ షో శ్రోతలు అటు వెళ్లిపోతుంటే, ‘నా షో వింటూ ఆ ఫోన్ కాల్ మిస్సయితే 5,000 డాలర్ల దాకా నాదే పూచీ’ అని ప్రకటించాల్సొచ్చింది ఆయన. ఇలాంటి కార్యక్రమాలు లాటరీలే అని అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పట్టుబట్టింది. 1954లో అమెరికా సుప్రీంకోర్టు కాదంది. ఇంట్లో కూర్చుని రేడియో వినడం మూల్యం చెల్లించడం కాదు అని తేల్చింది.

మన సుప్రీంకోర్టు కూడా 1957లో ఇలాంటి గీతే ఒకటి గీసింది. అది వారపత్రికలో వచ్చే గళ్లనుడికట్టు పోటీల కేసు. నైపుణ్యం ప్రధానంగా ఉన్న పోటీ వేరు, జూదం స్వభావం ఉన్న పోటీ వేరు, 1955 నాటి బహుమతి పోటీల చట్టం రెండోదానికే వర్తిస్తుంది అని చెప్పింది. ఒక్కో చోట నియమాలు ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ ప్రకటన అచ్చుకు ముందు ఒక లాయరుకు చూపించండి. బహుమతి విలువ పెద్దదైతే పన్ను ఎవరు కట్టాలో మీ అకౌంటెంటును అడగండి. పది జతల పాసులకు పెద్ద టెన్షన్ ఉండకపోవచ్చు, రేపు స్పాన్సరు బైకు ఇస్తానంటే ఉంటుంది.

ప్రశ్న విషయానికొస్తే, ‘ఈ గాయని పేరేమిటి’ అని ఆమె ఫోటో పక్కనే అడగడం నాకు నచ్చదు. అలాగని గూగుల్‌కీ దొరకని ప్రశ్న వేసి పాఠకుణ్ని ఏడిపించడమూ వద్దు. నేను చేసిందేమిటంటే, అదే వారం మా పేజీలో ఆ కళాకారుడి ఇంటర్వ్యూ వేసి, జవాబు అందులోంచి అడిగేవాణ్ని. ‘చిన్నప్పుడు ఆమె ఏ వాయిద్యం నేర్చుకోవడం మధ్యలో మానేసింది?’ లాంటిది. ఇంటర్వ్యూ చదివినవాళ్లకు అరనిమిషం పని. చదవకుండా బహుమతి కోసమే వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఇంటర్వ్యూను వెబ్‌సైట్లో ఉచితంగా ఉంచండి, లేకపోతే పత్రిక కొంటేనే ఎంట్రీ అన్నట్టు అవుతుంది, మళ్లీ పై పేరాలోని మూడో దినుసు దగ్గరికి వస్తాం.

ఇప్పుడు డ్రా. మేం తప్పు చేసింది ఇక్కడే. అప్పట్లో ఎంట్రీలన్నీ పోస్టుకార్డుల మీదే వచ్చేవి. ఒక అట్టపెట్టెలో వేసేవాళ్లం. గడువు రోజు సాయంత్రం పెట్టెను రెండుసార్లు అటూ ఇటూ ఊపి, ఆఫీసులో ఎవరో ఒకరు కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి తీసేవారు. ఒకసారి పది మంది విజేతల్లో ఏడుగురు ఒకే ప్రాంతం వాళ్లు వచ్చారు. పేర్లు, ప్రాంతాలు అచ్చయ్యాయి. నాలుగో రోజు ఒక కార్డు వచ్చింది: ‘అయ్యా, మీ ఎడిటరు గారి అత్తవారిల్లు ఆ పేటలోనా?’

నవ్వొచ్చింది గానీ, కూర్చుని ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. ఆ ప్రాంతం పోస్టు సంచీ చివరి రోజు మధ్యాహ్నం వచ్చింది. దాన్ని పెట్టెలో పైన కుమ్మరించాం. నిండిన పెట్టెను ఎంత ఊపినా కార్డులు కలవవు, పొరలు పొరలుగా అలాగే కూర్చుంటాయి. చెయ్యి పైపొరలోకే వెళ్తుంది. ఎవరికీ దురుద్దేశం లేదు, డ్రా మాత్రం డ్రా కాదు. తర్వాత ఎప్పుడో చదివాను, ఇదే తప్పు ఒక ప్రభుత్వమే చేసిందని. 1969 డిసెంబరు 1న అమెరికాలో వియత్నాం యుద్ధానికి ఎవరిని పిలవాలో తేల్చడానికి పుట్టినరోజులు రాసిన 366 గొట్టాలతో లాటరీ తీశారు. గొట్టాలను నెలలవారీగా పెట్టెలో వేశారు, సరిగా కలపలేదు. సంవత్సరం చివరి నెలల్లో, ముఖ్యంగా డిసెంబరులో, పుట్టినవాళ్ల తేదీలు ముందుగా వచ్చేశాయి. అక్కడ పోయింది కచేరీ పాసులు కాదు.

ఆ కార్డు రాసిన ఆయనకు నేను జవాబు రాశాను. జరిగింది జరిగినట్టు చెప్పి, వచ్చే డ్రాకు మీరే వచ్చి తీయండి అని పిలిచాను. వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో గొడుగుతో. కార్డులన్నీ నేలమీద దుప్పటి పరిచి పోయమన్నాడు. చాపమీద ధాన్యం ఎండబోసినట్టు రెండు చేతులతో అరగంట కలిపాడు. పది కార్డులు తీశాడు. అందులో ఆయనది లేదు. టీ తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడేళ్లు మా డ్రాలన్నీ ఆయనే తీశాడు. అప్పుడే ఒక కొత్త నియమం కూడా పెట్టుకున్నాం, డ్రా తీసేవాళ్ల ఎంట్రీ ఉండకూడదని. దానికీ ఆయన ఒప్పుకున్నాడు.

మీకు కార్డులూ దుప్పట్లూ అక్కర్లేదు. గడువు ముగిసిన నిమిషంలో ఫారం మూసేసి, సరైన జవాబు రాసినవాళ్లకు వరసగా నంబర్లు ఇవ్వండి. ఎవరికి వాళ్ల నంబరు మెసేజ్ చేయండి. తర్వాత ‘1 నుంచి 640 వరకు నంబర్లలో డ్రా రేపు సాయంత్రం ఐదింటికి’ అని ముందే ప్రకటించండి. రాండమ్.ఆర్గ్ లాంటి సైటులో నంబర్లు తీయొచ్చు. అది వాతావరణంలోని రేడియో శబ్దం ఆధారంగా నంబర్లు ఇస్తుంది, 1998 నుంచీ నడుస్తోంది. లైవ్ పెట్టండి, కుదరకపోతే స్క్రీన్ రికార్డింగ్ అయినా చేయండి. ఒకే క్లిక్కు. ‘అయ్యో, ఇది సరిగా రికార్డవలేదు, ఇంకోసారి’ అన్నారో, మళ్లీ ఆ కామెంట్లే. నంబరు ముందే చేతిలో ఉన్న పాఠకుడు తన 412కి, వచ్చిన 409కి ఎంత దూరమో తనే చూసుకుంటాడు. ‘మీవాళ్లకే’ అన్న మాట రాకుండా ఆపడానికి నాకు తెలిసిన మందు ఇదొక్కటే.

మీ ఉద్యోగులు, వాళ్ల ఇంటివాళ్లు, నిర్వాహకుల దగ్గర పనిచేసేవాళ్లు పాల్గొనకూడదని రాయడం మామూలే. రాసి ఊరుకోకుండా గెలిచినవాళ్ల ఫోన్ నంబర్లను ఆఫీసు ఫోన్ల జాబితాతో ఒకసారి పోల్చి చూడండి. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ బర్గర్ హోటళ్లు కొనేవాళ్ల కోసం నడిపిన ‘మోనోపలీ’ బహుమతుల ఆటలో, పెద్ద బహుమతులు తెచ్చిపెట్టే కాగితం ముక్కలను కాపాడాల్సిన సెక్యూరిటీ అధికారే 1989 నుంచి పన్నెండేళ్లు వాటిని తనకు కావాల్సినవాళ్లకు చేరవేశాడు. అంచేత ఫారం తెరిచి చూడగలిగే పాస్‌వర్డు ఒకరి దగ్గరే ఉండకుండా చూడండి.

‘ముందుగా ఫోన్ చేసిన పదిమందికి’ అనే పద్ధతి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు సలహా ఇస్తారు, ఒప్పుకోకండి. వేగంగా ఫోన్ కలపగలిగినవాడికి వచ్చే బహుమతి అది. 1990లో లాస్ ఏంజెలెస్‌లో ఒక రేడియో స్టేషన్ 102వ కాలర్‌కు పోర్షే కారు ఇస్తామంటే, కెవిన్ పౌల్సెన్ అనే హ్యాకరు ఆ స్టేషన్ ఫోన్ లైన్లన్నీ తన చేతుల్లోకి తీసుకుని తనే 102వ వాడయ్యాడు. మీ పోటీకి అంత ఘనుడు రాకపోవచ్చు. కానీ ఆన్‌లైన్లో రేడియో వినేవాళ్లకు పాట అర నిమిషం ఆలస్యంగా చేరుతుంది, ఆ సంగతి మర్చిపోయి నేనే రెండుసార్లు మాటలు పడ్డాను. అలాగే ‘ఎక్కువసేపు నిలబడినవాళ్లకు, ఎక్కువ తిన్నవాళ్లకు’ తరహా సాహసాలు అసలే వద్దు. 2007లో అమెరికాలోని శాక్రమెంటోలో ఒక రేడియో స్టేషన్ వీడియో గేమ్ యంత్రం బహుమతిగా పెట్టి నీళ్లు తాగే పోటీ నడిపింది. పాల్గొన్న ఒక తల్లి ఆ రోజే చనిపోయింది. తర్వాత జ్యూరీ కోటీ 65 లక్షల డాలర్లకు పైగా పరిహారం కట్టమంది.

ఏదైనా తేడా జరిగితే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. ఫారం పని చేయలేదు, సరైన జవాబులు రాలేదు, పాసులు తగ్గిపోయాయి, ఇవన్నీ జరుగుతాయి. అప్పుడు ఆఫీసులో ఎవరో తప్పకుండా ‘ఎవరిదో ఒక పేరు వేసేద్దాం, ఎవరికి తెలుస్తుంది’ అంటారు. బ్రిటన్‌లో పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’ 2006లో సరిగ్గా ఇదే చేసింది. ఫోన్ లైను చెడిపోతే, స్టూడియో చూడటానికి వచ్చిన ఒక పాపను కాలర్‌గా నటించమన్నారు. మరుసటి ఏడాది బీబీసీకి 50,000 పౌండ్ల జరిమానా పడింది. 2008లో జీక్యాప్ అనే రేడియో సంస్థకు 11 లక్షల పౌండ్లకు పైగా పడింది. ‘ఈ శబ్దమేమిటో చెప్పండి’ అనే పోటీని సాగదీయడానికి, తప్పు జవాబు చెప్పేవాళ్లనే కావాలని లైన్లోకి తీసుకున్నందుకు. ‘ఈసారి ఫారం పని చేయలేదు, గడువు రెండు రోజులు పెంచుతున్నాం’ అని రెండు లైన్లు అచ్చువేస్తే ఎవరూ ఏమీ అనరు. నేను వేశాను, ఎవరూ అనలేదు.

గెలిచినవాళ్లతో పాటు ఇంకో పదిమందిని రిజర్వులో తీసి పెట్టుకోండి. పాసులు ఉచితమైతే రాకపోవడం కూడా సులువే. నా అనుభవంలో పది జతల్లో ఒకటో రెండో ఎప్పుడూ ఖాళీగా మిగిలేవి, అదీ ముందు వరసల్లో, పాడేవాళ్ల కంటికి ఎదురుగా. ఫోన్ చేసి ‘48 గంటల్లో ఖాయం చేయకపోతే రిజర్వుకు ఇస్తాం’ అని చెప్పండి. రెండుసార్లు వేరువేరు వేళల్లో ఫోన్ చేయండి, కొత్త నంబరైతే చాలామంది ఎత్తరు, ముందుగా ఒక మెసేజ్ పంపండి. పత్రికలో విజేతల పేరు, ప్రాంతం చాలు. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా వేయొద్దు. స్పాన్సరు ‘ఎంట్రీలన్నీ మాకు పంపండి’ అని అడిగితే, ఫారంలో ఆ మాట పాఠకుడికి చెప్పకపోయి ఉంటే, ఇవ్వకండి. కచేరీ అయిన నెలకు జాబితా చెరిపేయండి.

సంతకం చేసిన రికార్డును పాసుల డ్రాలో కలపొద్దు. కచేరీకి వెళ్లాలనుకునేవాళ్లు వేరు, రికార్డు అపురూపంగా దాచుకునేవాళ్లు వేరు. దాన్ని ఒక చిన్న రచనా పోటీకి పెట్టండి: ఆ గాయని పాటతో మీకున్న జ్ఞాపకం, ఎనభై మాటల్లో. ఇద్దరు జడ్జీలు, పేర్లు తీసేసిన ఎంట్రీలు. మంచివి అయిదు అచ్చువేయండి, ఓడినవాళ్లకు అచ్చులో పేరు కూడా బహుమతే. సంతకం చేస్తుండగా ఒక ఫోటో తీయించి రికార్డుతో పాటు ఇవ్వండి, లేకపోతే పదేళ్ల తర్వాత ఆ సంతకాన్ని ఎవరూ నమ్మరు.

పంపేటప్పుడు డిస్కును లోపలి కవరుతో సహా బయటకు తీసి, అట్ట కవరు వెనక పెట్టి, రెండు వైపులా గట్టి అట్టలు వేసి కట్టండి. లోపలే ఉంచితే దారిలో కుదుపులకు డిస్కు అంచు తగిలి కవరు అతుకు చీలుతుంది, సంతకం ఉన్నది ఆ కవరు మీదే. ఎండలో పెట్టొద్దని పార్సిల్ మీద పెద్ద అక్షరాలతో రాయండి, వేడికి డిస్కు వంకర్లు పోతుంది. వీలైతే కొరియర్ మానేసి ఆఫీసుకే పిలిచి చేతికివ్వండి.

కచేరీ ఎప్పుడో మీరు రాయలేదు. పైన చెప్పినవన్నీ హడావిడి లేకుండా జరగాలంటే మూడు వారాలు కావాలి: ఎంట్రీలకు పది రోజులు, డ్రాకూ ఫోన్లకూ నాలుగు రోజులు, మిగతాది రిజర్వు పిలుపులకూ పాసులు చేర్చడానికీ. అంత సమయం లేకపోతే ఈసారి పాసులు మాత్రమే ఇచ్చేసి, రికార్డు పోటీ వచ్చే నెలకు పెట్టుకోండి, అది పాడైపోయే వస్తువేమీ కాదు. ప్రకటన రాశాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.